నిన్న నిలిచిన మట్టి ఇవ్వాళ ఎందుకు కూలుతుంది?

మంజీర ఒడ్డున పెరిగిన పిల్లలకు పిచ్చుకగూడు కట్టడం ఎవరూ నేర్పనక్కర్లేదు. పాదం మీద తడి ఇసుక పోసి, అరచేత్తో తట్టి, మెల్లగా కాలు వెనక్కి లాగితే గూడు నిలుస్తుంది. ఎండిన ఇసుకతో కడితే కాలు కదలగానే జారిపోతుంది. అలాగని నీటి అంచున, చెయ్యి పెడితే నీరూరే జారు ఇసుకతో కట్టినా నిలవదు, చతికిలబడుతుంది. పొడి ఇసుక నిలవదు, మునిగిన ఇసుకా నిలవదు, కొంచెం తడి ఉన్నది మాత్రం నిలుస్తుంది. ఎందుకు?

ఈ చిన్న ప్రశ్నకు జవాబు తెలిస్తే మంజీర పక్కనే ఉన్న బీర్కూర్‌లో ఇల్లు కట్టేటప్పుడు తవ్వే పునాది కాలువ, సంపు గుంత, సెప్టిక్ ట్యాంకు గొయ్యి పనిచేసే మనిషి మీద ఎందుకు పడతాయో తెలుస్తుంది. ఇల్లు కట్టే చోట జరిగే మరికొన్ని చావుల సంగతి కూడా అర్థమవుతుంది. వాటిలో చాలావాటి వెనక ఒకే పొరపాటు ఉంది. ఇప్పుడు నిలబడి ఉన్నది కాసేపటి తర్వాత కూడా నిలబడే ఉంటుందని నమ్మడం.

అరువు బలం

రెండు ఇసుక రేణువులు తగిలే చోట చిన్న నీటి చుక్క చేరిందనుకోండి. తన ఉపరితలాన్ని వీలైనంత కుదించుకోవడం నీటి గుణం. బడి పుస్తకాల్లో దీన్నే తలతన్యత అంటారు. ఆ చుక్క కుదించుకుంటూ రెండు రేణువులనూ దగ్గరికి లాగుతుంది. ఒక్కో లాగుడు చాలా చిన్నదే, కానీ ఇసుకలో ఇలాంటి చుక్కలు లెక్కలేనన్ని. అన్నీ కలిసి ఇసుకను గోడలా నిలబెడతాయి. ఎండ తగిలి చుక్కలు ఆవిరైతే లాగుడు పోతుంది. నీళ్లు ఎక్కువై రేణువుల మధ్య ఖాళీలన్నీ నిండిపోతే విడివిడి చుక్కలే ఉండవు, అప్పుడూ లాగుడు పోతుంది. తడి ఇసుకకున్న బలం దాని సొంతం కాదు. నీరు కొద్దిసేపటికి ఇచ్చిన అప్పు. ఆ అప్పును ఎండ తీసేసుకుంటుంది, వాన కూడా తీసేసుకుంటుంది.

నదిలో ఇసుక తవ్వి ట్రాక్టర్ నింపేవాళ్లకు ఇది కళ్లముందు జరిగే పనే. పొద్దున నిట్టనిలువుగా నిలిచిన ఇసుక గోడ అడుగున పారతో గీరుతూ పోతుంటే పైభాగం గొడుగులా ముందుకు మిగులుతుంది. ఎండెక్కేసరికి పై పొరలో తడి పోతుంది. ఎవరూ ముట్టుకోకుండానే కూలుతుంది.

నల్లరేగడిలో కథ ఇంకాస్త మోసంగా నడుస్తుంది. ఆ మట్టి బంకది, జేసీబీతో తవ్వితే కత్తితో కోసినట్టు నున్నగా వస్తుంది. రాయిలా కనబడే ఆ గోడను చూసి ఎవరైనా ధైర్యంగా దిగుతారు. కానీ తవ్వకముందు ఆ మట్టిని పక్కనున్న మట్టి రెండు వైపులా నొక్కి పట్టుకుని ఉండేది. ఒక పక్క ఖాళీ చేయగానే నొక్కుడు పోయి మట్టి ఆ వైపు ఉబ్బాలని చూస్తుంది. ఉబ్బే క్రమంలో లోపలి తేమ కూడా రేణువులను దగ్గరికి లాగిపెడుతుంది, అందుకే మొదట గట్టిగా నిలుస్తుంది. గంటలు, రోజులు గడిచేకొద్దీ చుట్టుపక్కల నుంచి నీరు మెల్లగా ఆ భాగంలోకి చేరి లాగుడును తగ్గించేస్తుంది. మట్టి మెత్తబడుతుంది. గుంత అంచుకు ఒకటి రెండు అడుగుల వెనక, అంచుకు సమాంతరంగా నేల మీద సన్నని పగులు కనిపిస్తుంది. ఆ పగులుకూ గుంతకూ మధ్య ఉన్న ముద్ద మొత్తం ఒక్కసారే జారుతుంది. ఎండాకాలంలో నల్లరేగడి తనంతట తానే నెర్రెలిచ్చి ఉంటుంది కాబట్టి ఆ పగులు కొన్నిసార్లు ముందే సిద్ధంగా ఉంటుంది కూడా.

అందుకే “నిన్నంతా దిగి పనిచేసినం, ఏం కాలే” అన్న మాటకు మట్టి విషయంలో విలువ లేదు. నిన్నటికంటే ఇవ్వాళ గుంత బలహీనంగా ఉంటుంది. తవ్విన గంట నుంచే దాని బలం తరగడం మొదలవుతుంది.

ఛాతీ దాకా పూడితే చాలు

మట్టి పెళ్ల మీద పడితే తలదాకా పూడకపోయినా మనిషి చనిపోతాడని చాలామందికి తెలియదు. ఒక ఘనమీటరు మట్టి ఒకటిన్నర నుంచి రెండు టన్నులు తూగుతుంది, అంటే ఒక కారు బరువు. ఛాతీ చుట్టూ ఆ మట్టి చేరాక మనిషి ఊపిరి వదలగానే పక్కటెముకలు లోపలికి వస్తాయి. వాటికీ మట్టికీ మధ్య ఏర్పడిన సందును మట్టి వెంటనే నింపేస్తుంది. తర్వాత ఊపిరి పీల్చాలంటే ఆ బరువును బయటికి నెట్టాలి. ప్రతి శ్వాసకూ ఛాతీ కాస్త కాస్త బిగిసిపోతుంది. ముక్కూ నోరూ గాలిలోనే ఉన్నా నిమిషాల్లో ప్రాణం పోతుంది.

కేంద్ర ప్రజా పనుల శాఖ భద్రతా నియమావళి ఈ విషయంలో స్పష్టంగా ఉంది. గుంత లోతు మీటరున్నర, అంటే సుమారు ఐదడుగులు దాటితే గోడలను మెట్లుగా గానీ ఏటవాలుగా గానీ తవ్వాలి. లేదా పలకలు, అడ్డకట్టెలతో రెండు గోడలనూ ఎదురెదురుగా నిలబెట్టాలి. తవ్విన మట్టిని అంచు నుంచి మీటరున్నర దూరంలో, లేదా గుంత లోతులో సగం దూరంలో, రెండింటిలో ఏది ఎక్కువైతే అంత దూరంలో పోయాలి. సుమారు నాలుగడుగుల లోతు దాటిన గుంతలో తప్పకుండా నిచ్చెన ఉండాలి.

మన దగ్గర అన్నిటికన్నా ఎక్కువగా తప్పేది మట్టి పోసే నియమం. జేసీబీ తొట్టి తిరిగినంత దూరమే మట్టి పడుతుంది, అది అంచు మీదే. టన్నుల బరువును బలహీనమైన అంచు మీద పెట్టి, ఇంజన్ అదురు కూడా దానికి జోడించి, కిందికి మనిషిని దించుతున్నాం. పాత ఇంటి గోడను ఆనుకుని కొత్త పునాది తవ్వడం దీనికంటే పెద్ద ప్రమాదం. పాత పునాది అడుగు నుంచి మట్టి జారిపోతే మట్టితోపాటు గోడ కూడా వచ్చి పడుతుంది.

> గుంతలో దిగే ముందు చూడాల్సినవి
>
> అంచుకు సమాంతరంగా నేల మీద పగులుందా? గోడ నుంచి చిన్న చిన్న గడ్డలు రాలుతున్నాయా? అడుగున నీరు ఊరుతోందా? రాత్రి వాన పడిందా? వీటిలో ఒక్కటున్నా దిగకూడదు.
>
> ఎవరైనా పూడితే మిగతావాళ్లు వెంటనే దూకకూడదు. మొదటి పెళ్ల పడ్డాక మిగిలిన గోడకు ఆసరా పోయి, రెండో పెళ్ల పడే అవకాశం ఎక్కువ. ముందు అంచు మీది మట్టిని, మనుషులను దూరం జరపాలి. మనిషి దగ్గర చేతులతో, తట్టలతో తీయాలి. జేసీబీ తొట్టి పూడిన మనిషిని చీల్చేయగలదు.

బాచుపల్లి గోడ

2024 మే 7 సాయంత్రం హైదరాబాద్ శివారు బాచుపల్లిలో కుండపోత వానకు నిర్మాణంలో ఉన్న అపార్ట్‌మెంటు దగ్గర రిటైనింగ్ గోడ కూలింది. దాన్ని ఆనుకుని వేసుకున్న రేకుల షెడ్లలో ఉంటున్న ఏడుగురు చనిపోయారు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి పనికి వచ్చిన కుటుంబాలవి. మృతుల్లో పసివాడూ ఉన్నాడు.

ఎత్తున ఉన్న మట్టిని ఆపే ఏ గోడకైనా వాన ఎందుకు శత్రువో పిచ్చుకగూడు ముందే చెప్పింది. మట్టి కొంత మేరకు తనను తాను పట్టుకుని నిలబడుతుంది కాబట్టి గోడ మీద దాని బరువులో కొంతే పడుతుంది. నీటికి ఆ గుణం లేదు. తన పూర్తి ఒత్తిడిని పక్కకు నెడుతుంది. గోడ వెనక పైదాకా నీరు నిండితే గోడ మీది తోపుడు దాదాపు రెట్టింపవుతుంది. అందుకే ఇలాంటి గోడలకు అడుగు భాగంలో వరసగా నీరు కారే రంధ్రాలు పెడతారు, వాటి వెనక కంకర పోస్తారు. ఖర్చు నామమాత్రం. ఆ రంధ్రాలు లేని గోడ, ఉన్నా మట్టితో పూడిపోయిన గోడ ఏళ్ల తరబడి నిలబడి ఒక్క వానలో పడిపోవచ్చు. కూలీల షెడ్డును అలాంటి గోడ నీడన వేయడం నా లెక్కలో అన్ని ఉల్లంఘనల కన్నా ఘోరమైనది. పనిలో ఉన్న మనిషి కనీసం మెలకువతో ఉంటాడు. షెడ్డులో నిద్రపోయే పిల్లవాడికి ఆ వీలు కూడా లేదు.

స్లాబు ఆరడం, స్లాబు గట్టిపడటం

కాంక్రీటు ఎండితే గట్టిపడుతుందని అనుకుంటాం. నిజానికి సిమెంటు నీటితో రసాయనికంగా కలిసి, కంకరనూ ఇసుకనూ పట్టి ఉంచే కొత్త పదార్థంగా మారుతుంది. దానికి నీరు కావాలి, రోజులు కావాలి. అందుకే నీళ్లు కడతాం. మర్నాటికి స్లాబు మీద నడవగలుగుతాం కానీ అది పైపొర గట్టిదనమే. 7 రోజులకు పూర్తి బలంలో దాదాపు మూడింట రెండు వంతులు వస్తుంది. పూర్తి బలాన్ని 28 రోజులకు లెక్కిస్తారు. ఇప్పుడు ఊళ్లలో ఎక్కువగా వాడే బూడిద కలిసిన సిమెంటు ఇంకా నెమ్మది.

పన్నెండడుగుల చదరపు గది మీద ఐదంగుళాల స్లాబు నాలుగు టన్నులు తూగుతుంది. ఆ బరువును బలం వచ్చేదాకా మోసేవి కింది జాకీలు, కట్టెలే. భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటు వాడినా, పదిహేను అడుగుల లోపు వెడల్పున్న స్లాబు కింద ఆసరా 7 రోజులుండాలి. అంతకు మించితే 14 రోజులు. దూలాల కింద 14 నుంచి 21 రోజులు. జాకీలకు రోజు అద్దె నడుస్తుంది కాబట్టి అవి ఐదో రోజుకే పక్క ఇంటికి పోతుంటాయి. స్లాబు ఆ రోజు పడదు. పైన ఇటుకలు పేర్చిన రోజు పడుతుంది, అప్పుడు తప్పు ఇటుకలదే అనిపిస్తుంది.

ఇంకో లోపం ఉంది. కట్టెలను మెత్తటి నేల మీద, ఇటుక ముక్కల మీద ఆనిస్తారు. రాత్రి వానకు ఒక కట్టె రెండంగుళాలు దిగితే దాని భారం పక్క కట్టెల మీద పడుతుంది. వాటిలో ఒకటి వంగితే మిగతావి వరసగా పోతాయి. స్లాబు పోసే రోజు పైన మనుషులు, మిల్లర్ దగ్గర నుంచి వచ్చే మాలు, వైబ్రేటర్ అదురు అన్నీ ఒకేసారి ఉంటాయి కనుక సెంట్రింగు కూలేది ఎక్కువగా ఆ రోజే.

కిటికీ మీది సజ్జ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. స్లాబు రెండు వైపులా గోడల మీద ఆనుతుంది, దాని అడుగు భాగం సాగుతుంది. అందుకే ఇనుము అడుగున ఉండాలి. సజ్జ ఒక పక్కే పట్టుకుని గాలిలో వేలాడుతుంది, సాగేది పై భాగం. దాని ఇనుము పైన ఉండాలి. కట్టిన సలాకల మీద మాలు పోసేవాళ్లు అడుగులు వేస్తే అవి కిందికి దిగిపోతాయి. బయటికి ఏ తేడా కనిపించదు. ఇనుము ఉంది, సిమెంటు ఉంది, నీళ్లు కూడా కట్టారు. సెంట్రింగు తీసిన రోజునే, తీస్తున్న మనిషి మీదే సజ్జ విరిగి పడుతుంది. సలాకల కింద సరైన ఎత్తున ఆసరాలు పెట్టి, వాటి మీద నడవకుండా పలక వేసుకుంటే ఈ చావు ఉండదు.

కొత్త ట్యాంకులో గాలి ఎక్కడికి పోయింది?

వాడుకలోకి రాని సెప్టిక్ ట్యాంకు లేదా సంపు. అందులో మలం లేదు, మురుగు లేదు. పైకప్పు పోసి రెండు మూడు వారాలైంది. సెంట్రింగు చెక్కలు తీయడానికి ఒకరు దిగుతారు, కుప్పకూలుతారు. కాపాడటానికి రెండోవారు దిగుతారు, తర్వాత మూడోవారు. దేశంలో ఇలాంటి వార్తలు ఏటా వస్తూనే ఉంటాయి.

మూసిన చోట, చిన్న మూత తప్ప దారి లేని చోట, నీళ్లలో నానిన చెక్క కుళ్లుతుంది. కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఆక్సిజన్ వాడుకుంటాయి. ఇనుము తుప్పు పట్టడానికి కూడా ఆక్సిజన్ కావాలి. గాలిలో 21 శాతం ఉండాల్సిన ఆక్సిజన్ కొన్ని వారాల్లో సగానికి పడిపోవచ్చు. నిల్వ నీటిలోంచి విషవాయువులు కూడా పుట్టవచ్చు.

అన్నిటికన్నా క్రూరమైన విషయం మన శరీరంలోనే ఉంది. ఊపిరి ఆడటం లేదన్న బాధ ప్రధానంగా రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగినప్పుడు కలుగుతుంది. ఆక్సిజన్ తగ్గినందుకు కాదు. ట్యాంకులో మనిషి బొగ్గుపులుసు వాయువును మామూలుగానే బయటికి వదులుతుంటాడు కనుక అతనికి ఉక్కిరిబిక్కిరి అనిపించకపోవచ్చు. ఆక్సిజన్ మరీ తగ్గితే కొద్ది శ్వాసల్లోనే తెలివి తప్పుతుంది, కేక వేసే వ్యవధి కూడా దొరకదు. పైనున్నవాళ్లకు కాలు జారి పడ్డాడనిపిస్తుంది, అందుకే దిగుతారు.

మూతలన్నీ తీసి ఒక రోజంతా వదిలేసి, ఫ్యానుతో లోపలికి గాలి కొట్టి, నడుముకు తాడు కట్టి, తాడు రెండో కొస పట్టుకున్న మనుషులను పైన ఉంచి, అప్పుడు దింపాలి. దీపం దింపి చూసే పాత పద్ధతిని నమ్మవద్దు. మండే వాయువు ఉంటే ఆ దీపమే పేలుడు తెస్తుంది. లోపల పడినవారిని తాడుతో లాగాలి తప్ప ఇంకొకరు దిగకూడదు.

మీటరు దగ్గర స్విచ్చు ఎందుకు పడలేదు?

కరెంటు కొట్టి మనిషి పోతే “ఎంసీబీ ఉంది కదా, ఎందుకు ఆగలేదు” అని అడుగుతారు. ఎంసీబీ పని తీగలను కాలిపోకుండా కాపాడటం. 16 ఆంపియర్ల ఎంసీబీ అంతకు మించి పోతేనే పడుతుంది. గుండె లయ తప్పడానికి ఆంపియరులో పదో వంతు చాలు. తడి చేతులతో, తడి నేల మీద నిలబడిన మనిషి గుండా 230 వోల్టులు పంపే కరెంటు దానికి రెట్టింపు ఉండవచ్చు. ఎంసీబీ లెక్కలో అది ఒక బల్బు వెలిగినట్టే.

మనిషిని కాపాడే పరికరం వేరు, ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని అది చూస్తుంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే, అంటే ఆ కొంచెం ఎవరి ఒంటి గుండానో నేలలోకి పోతుంటే, కన్నుమూసి తెరిచేలోగా ఆపేస్తుంది. ప్లగ్గు లేకుండా తీగ కొసలను సాకెట్లో దోపడం, అతుకులకు టేపు చుట్టి నీళ్లు కట్టిన నేల మీద వదలడం, మూడోదైన ఎర్తు తీగను అసలు కలపకపోవడం వైబ్రేటర్, మోటారు, కటింగ్ మిషన్ నడిచే ప్రతి చోటా కనిపిస్తాయి. తాత్కాలిక కనెక్షనుకే ఆర్‌సీసీబీ పెట్టించాలి. ఇల్లు పూర్తయ్యాక అదే ఇంట్లో పనికొస్తుంది.

పైనున్న 11 కేవీ తీగలకు ఇదేదీ వర్తించదు. నిబంధనల ప్రకారం అవి మేడకు పక్కగా కనీసం 1.2 మీటర్లు, పైన 3.7 మీటర్ల దూరంలో ఉండాలి. ఇంటి సలాక పొడవు 12 మీటర్లు. కింది నుంచి స్లాబు మీదికి దాన్ని అందించేటప్పుడు కొస ఊగుతుంది, పట్టుకున్నవాళ్లకు కొస కనిపించదు. దూరం సరిపోయిన ఇంటి దగ్గర కూడా సలాక ఆ దూరాన్ని ఒక్క క్షణంలో దాటేస్తుంది. అలాంటి చోట సలాకలను కిందే కోసుకుని ఎక్కించాలి, లేదా విద్యుత్ సిబ్బందికి చెప్పి ఆ కొన్ని గంటలు లైను ఆపించుకోవాలి.

పదడుగులే కదా!

ప్రపంచంలో నిర్మాణ కార్మికులను ఎక్కువగా చంపేది ఎత్తు నుంచి పడటమే. అమెరికాలో భద్రతా తనిఖీ సంస్థ ఏటా ఎక్కువగా నమోదు చేసే ఉల్లంఘన కూడా పడకుండా రక్షణ లేకపోవడమే, అదీ పదేళ్లకు పైగా వరసగా. పదడుగుల నుంచి పడితే నేలకు చేరడానికి ముప్పావు సెకను పడుతుంది. ఏం జరుగుతోందో మెదడు గుర్తించి చెయ్యి చాచేలోపే సగం దూరం అయిపోతుంది. నేలను తాకే వేగం గంటకు 28 కిలోమీటర్లు. దెబ్బ తీవ్రతను ఆ వేగం ఎంత దూరంలో ఆగిందన్నది నిర్ణయిస్తుంది. ఇసుక కుప్ప మీద పడితే ఒక అడుగులో ఆగుతుంది, బండ మీద తల తగిలితే కొన్ని మిల్లీమీటర్లలో. హెల్మెట్ లోపలి పట్టీలు తలకూ డిప్పకూ మధ్య సందు ఉంచేది ఆగే దూరాన్ని పెంచడానికే. గడ్డం పట్టీ పెట్టుకోకపోతే తల నేలను తాకేముందే హెల్మెట్ ఎగిరిపోతుంది.

పరంజా అంచున అడ్డకట్టె కనీసం 90 సెంటీమీటర్ల ఎత్తుండాలనడానికీ కారణముంది. మన బరువు కేంద్రం బొడ్డు దగ్గర ఉంటుంది. అడ్డకట్టె మోకాలి ఎత్తులో ఉంటే తూలిన మనిషిని ఆపకపోగా తలకిందులుగా తిప్పి పడేస్తుంది.

చట్టం ఆగిన గడప

ఇన్ని నియమాలుంటే ఊళ్లో ఒక్కటీ ఎందుకు కనిపించదు? కూలీల నిర్లక్ష్యం అనడం తేలిక. సుతారి మేస్త్రీ పనిని గుత్తకు తీసుకుంటాడు. ఆలస్యమైన ప్రతి రోజూ అతని జేబులోంచి పోతుంది. గుంతకు పలకలు కొట్టే రోజుకు ఎవరూ కూలి కట్టివ్వరు.

అంతకంటే పెద్ద కారణం చట్టంలోనే ఉంది. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం పదిమందికి తక్కువ కూలీలున్న పనికి వర్తించలేదు. సొంత నివాసానికి పది లక్షల లోపు ఖర్చుతో కట్టుకునే ఇంటిని కూడా వదిలేసింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ ఆ పది లక్షలను యాభై లక్షలకు పెంచింది. బీర్కూర్, బాన్సువాడ పల్లెల్లో కట్టే ఇళ్లు దాదాపు అన్నీ ఆ గీతకు అవతలే ఉంటాయి. మట్టి బరువు యాభై లక్షల ఇంటి దగ్గరా ఐదు లక్షల ఇంటి దగ్గరా ఒకటే. ఇంటి యజమాని పేదవాడే కాబట్టి అతన్ని కేసులతో వేధించకూడదన్న ఆలోచన సరైనదే. కానీ దానికి మారుగా ఏ ఏర్పాటూ చేయకపోవడం తప్పు. కార్మికుడికి మిగిలింది సంక్షేమ బోర్డులో నమోదు. 18 నుంచి 60 ఏళ్ల వయసుండి, ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవారు అర్హులు. అది చావు తర్వాత కుటుంబానికి ఆసరా, చావును ఆపేది కాదు.

దారి ఒకటి ఉంది, కొత్త చట్టం అక్కర్లేదు. ప్రభుత్వం ఐదు లక్షలు ఇచ్చే ఇందిరమ్మ ఇంటికి డబ్బు ఒకేసారి రాదు. పునాది, గోడలు, స్లాబు ఇలా దశలవారీగా ఒక అధికారి వచ్చి పని చూసి, ఫోటో తీసి, బిల్లు చేస్తారు. ఏ గడప దగ్గరికైతే కార్మిక శాఖ రాదో, అక్కడికి ఆ అధికారి ఎలాగూ వస్తారు. గుంత తవ్వే రోజు ముందే తెలిసేలా చేసి, మట్టి అంచుకు ఎంత దూరంలో పడిందో చూడటం, స్లాబు పోసిన తేదీని గోడ మీద రాయించడం, బూడిద కలిసిన సిమెంటు నెమ్మది కాబట్టి 14 రోజుల లోపు తీసిన స్లాబు ఫోటోలో కింద జాకీలు ఉండాలని అడగడం అదే పర్యటనలో అయ్యే పనులు. జాకీల అద్దెకు అదనంగా అయ్యే వారం ఖర్చును స్లాబు బిల్లులోనే విడిగా చూపిస్తే, వాటిని ఐదో రోజున విప్పాల్సిన అవసరం మేస్త్రీకి ఉండదు.